ఊపిరి సున్నం

పురుషోత్తం పోయిన మూడోనాడు పంతులుగారు పంచాంగం మూసి కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే చెప్పబోయేది మంచి మాట కాదని ఆ కాలనీలో పిల్లలకి కూడా తెలుసు.

"ధనిష్ఠలో పోయాడమ్మా. కర్మ అయిపోగానే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి రాజెయ్యకూడదు, మనిషి నిద్ర చెయ్యకూడదు."

"సరేనండి," అంది నీలవేణి.

బస్టాండులో మైకు చెప్పే మాటలు విన్నట్టు విన్నది. మొగుడు పోయిన దగ్గర్నించీ ఆమెకు అన్నీ అలాగే వినబడుతున్నాయి. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. పన్ను పీకించుకున్న చోట నాలుకకు గుంట తగులుతుంది గాని నొప్పి తెలియదే, అలా ఉంది ఆమెకు. వచ్చినవాళ్ళు ఆమె ముఖం చూసి, చదువుకున్నవాళ్ళు ఇంతేలే అనుకుని వెళ్ళిపోతున్నారు.

కాఫీ గ్లాసులు కడుగుతుండగా పంతులుగారి మాట అసలు అర్థం ఆమెకు అందింది. ఆరు నెలలు ఇంట్లో మనిషి ఉండడు. మనిషి లేకపోతే ఊపిరి ఉండదు. ఊపిరి లేకపోతే గోడ చచ్చిపోతుంది.

ఆ గోడను తయారుచేసింది ఆమే.

పల్నాడులో ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఇక్కడివాళ్ళే కనిపెట్టి ఉంటారు. అలాంటి చోట ఫ్యాను కూడా లేకుండా ఇల్లు చల్లగా ఉండాలని నీలవేణి, ఆమెతో పనిచేసే మస్తాన్‌వలి ఏళ్ళ తరబడి కాలేజీ ల్యాబులో కుస్తీ పట్టారు. డంగు గానుగలో ఆడించిన సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం. ఇంతవరకు తాతలనాటి వంటకమే. దానికి వీళ్ళు కలిపిన కొత్త సరుకు, సున్నపురాతి గుహలో దొరికిన ఒక కంటికి కనపడని జీవి. మనుషులు వదిలే వెచ్చటి తడిగాలే దానికి తిండి. ఊపిరి తగిలిన చోట అది సన్నసన్నని రంధ్రాలు తెరిచి, గోడ అడుగున తొట్టిలోని నీటిని పైకి పీల్చి ఆవిరిగా వదిలేది. కూజాలో నీళ్ళు చల్లబడ్డట్టే గోడ చల్లబడేది.

వాళ్ళు అనుకోనిది ఇంకొకటి జరిగింది. గోడ నేర్చుకుంది. ఏ వేళకి, ఏ చోట ఊపిరి వస్తుందో కొన్ని వారాల్లో అలవాటు పడి, ఆ వేళకి ముందే ఆ చోటు చల్లబరిచి సిద్ధంగా ఉండేది. జనం దానికి ఊపిరి సున్నం అని పేరు పెట్టుకున్నారు. కాలనీలో నలభై ఇళ్ళకూ అదే పూత. ఊరికి అవతల ఇంకో కాలనీ గోడలు లేస్తున్నాయి, వాటికీ అదే పూయాలి.

అయితే పెరుగు తోడెయ్యడానికి చేమిరి కావలసినట్టే కొత్త గోడకి పాత గోడలోంచి గుప్పెడు సున్నం కావాలి. లేత గోడలు అందుకు పనికిరావు. బాగా ముదిరిన గోడ ఒక్కటే ఉంది. నీలవేణి ఇంట్లో పడమటి గది గోడ. ఆ గోడని ముదరబెట్టినవాడు పురుషోత్తం.

ఆర్టీసీలో డ్రైవరు. తెల్లవారుజామున గుంటూరు బస్సు తీసుకుపోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, పప్పన్నం తిని, పడమటి గదిలో నులకమంచం మీద గోడకి వీపు ఆనించి పడుకునేవాడు. టీ వేళ దాకా లేచేవాడు కాదు. వర్షం వచ్చినా, పండగొచ్చినా అదే వేళ, అదే వైపు. ప్రయోగానికి అంతకంటే బుద్ధిమంతుడు దొరకడు.

"మా ఆవిడ నన్ను ల్యాబులో ఎలకలాగా వాడుకుంటోందయ్యా," అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. "కాకపోతే ఎలక్కి ఇంత నెయ్యేసి పప్పన్నం పెట్టరు గదా, అందుకని ఊరుకుంటన్నా."

ఆ గోడ అతనికి ఎంత మాలిమి అయిందంటే, బస్సు ఇంకా నకరికల్లు దాటకముందే మంచం పక్కన అతని వీపంత మేర చల్లబడటం మొదలయ్యేది.

పోయిన రోజు కూడా అదే వేళకు వచ్చి పడుకున్నాడు. ల్యాబులో నీలవేణి ముందు తెర మీద ప్రతి గదిలోని ఊపిరీ ఒక గీతగా, గోడ చల్లదనం ఇంకో గీతగా నడుస్తూ ఉంటాయి. పడమటి గది ఊపిరి గీత ఉన్నట్టుండి కిందికి దిగి నేలబారుగా సాగింది.

"మేడమ్, ఇది చూడండి," అన్నాడు మస్తాన్.

"సెన్సర్ పోయినట్టుంది. పాతదే గదా, రేపు మారుద్దాంలే," అంది ఆమె.

తరవాత ఇద్దరూ టీ తాగారు. కొత్త కాలనీ గోడల లెక్కలు మాట్లాడుకున్నారు. పొద్దు వాలాక ఆమె ఇంటికి వెళ్ళేసరికి పురుషోత్తం గోడకి వీపు ఆనించే ఉన్నాడు. గోడ చల్లగా ఉంది. అతను అంతకంటే చల్లగా ఉన్నాడు. గుండె ఆగిందన్నారు డాక్టరుగారు, వెంటనే వచ్చినా ఏం చెయ్యలేకపోయేవాళ్ళం అని కూడా అన్నారు. ఆ రెండో మాట నిజమో, తన కోసం అన్నదో నీలవేణి అడగలేదు.

ఇల్లు పాడుపెట్టాలన్న సంగతి ఆమె మస్తాన్‌కి చెప్పింది.

"ఆరు నెలలంటే ఉండదు మేడమ్. రెండు నెలలకే ఎండి పెచ్చులూడిపోద్ది. మనం వానకి పెట్టి చూశాం, ఎండకి పెట్టి చూశాం, చెదలకి పెట్టి చూశాం. ఇల్లు ఇన్నాళ్ళు ఖాళీగా ఉంటదని అనుకోనే లేదు. మా వాళ్ళలో ఈ ఆచారం లేదు, నాకు తట్టలేదు."

"నాకు తట్టొద్దూ?" అంది నీలవేణి. "మా మేనత్త పోయినప్పుడు వాళ్ళింటి గుమ్మానికి ముళ్ళకంప కొట్టటం చూసినదాన్ని. మూడు నెలలు ఆ వీధిలోంచి పోవాలంటే భయపడి చుట్టూ తిరిగి బడికి పోయినదాన్ని."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆమె పని. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకనాడు పోకుండా ఉండరు. వందేళ్ళు నిలిచే గోడ కట్టానని సభల్లో చెప్పుకుంది గాని, ఈ గడ్డ మీద ఒక్క చెడ్డ నక్షత్రం చాలు దాన్ని చంపడానికి.

తను ఆచారాలు పట్టించుకునే మనిషి కాదు. ఎవరేమన్నా ఇక్కడే ఉంటానంటే చేయి పట్టుకుని బయటికి లాగేవాళ్ళూ లేరు. కాని పక్కింటి అంకమ్మ ఆ సాయంత్రమే వచ్చి గడప బయట కూర్చుంది. కడుపులో మాట దాచుకునే మనిషి కాదు ఆవిడ.

"నీలమ్మా, తప్పుగా అనుకోబాక. నీకు నమ్మకం లేకపోవచ్చు, మాకుండిద్ది. నువ్వు ఇంట్లోంచి కదలకపోతే ఈ వరసలోవాళ్ళం మేం కదలాల్సొచ్చిద్ది. మా కోడలు నీళ్ళాడే నెలలు. నేనెట్టా ఉండమంటా దాన్ని?"

వాళ్ళు కదిలితే వాళ్ళ గోడలూ పస్తే. నీలవేణి లెక్క వేసుకుంది. లెక్కలు మాత్రం ఇప్పటికీ బాగానే వస్తున్నాయి.

మరునాడు మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఆమె పడమటి గదిలోకి వెళ్ళింది. మంచం మీది దుప్పటి ఎవరో తీసేశారు. నులక మధ్యలో అతని బరువుకి దిగిన పల్లం అలాగే ఉంది. ఊరికే చెయ్యి చాపి గోడ తాకింది.

చల్లగా ఉంది. పైన చల్లగా లేదు, కింద చల్లగా లేదు. మంచానికి సరిగ్గా పైన, ఒక మనిషి వీపంత మేర మాత్రమే. బస్సు వస్తుందని గోడ సిద్ధంగా ఉంది.

నీలవేణి మంచం మీద కూర్చుని అక్కడ వీపు ఆనించింది. చల్లదనం జాకెట్టు దాటి లోపలికి వచ్చింది. టీ వేళకి మెల్లగా తగ్గి, గోడ మామూలు గోడ అయింది. ఆమె లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది. తరవాతి రోజు మళ్ళీ అదే వేళకి వచ్చి కూర్చుంది. ఆ తరవాతి రోజూ అంతే. ఎవరికీ చెప్పలేదు. ప్రపంచంలో పురుషోత్తం తాలూకు పని ఇంకా చేస్తున్నది అదొక్కటే మిగిలింది. అదీ పోతే ఏమవుతుందో ఆలోచించబోయింది గాని, ఆలోచన అక్కడిదాకా వెళ్ళి మొద్దుబారి ఆగిపోయేది.

ఉపాయం చెప్పింది పురుషోత్తం అక్క శేషారత్నం. ఆవిడ తమ్ముడు పోయిన దుఃఖాన్ని నలుగురినీ కేకలేస్తూ తీర్చుకుంటోంది. కర్మలకి తన కొడుకుని కూర్చోబెట్టిందీ ఆవిడే, వంటవాళ్ళని అదిలిస్తోందీ ఆవిడే. మస్తాన్, నీలవేణి వసారాలో గోడ గురించి గొణుక్కుంటుంటే విని, చెంగు దోపుకుని వచ్చి నిలబడింది.

"ఏందంట మీ గోడకి? ఊపిరి కావాలంతేగా? మనుషులు ఉండగూడదన్నాడు పంతులు. బర్రెలు ఉండగూడదన్నాడా?"

"బర్రెనా?" అన్నాడు మస్తాన్.

"బర్రె ఊపిరి ఊపిరి కాదా? నలుగురు మనుషులు వదిలేంత అదొక్కటే వదిలిద్ది. అంకమ్మ చూడిబర్రె ఉండనే ఉందిగా, తీసుకొచ్చి కట్టండి."

పంతులుగారిని అడిగారు. ఆయన పంచాంగం తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, కాసేపు చూసి, "శాస్త్రంలో గేదె ప్రస్తావన లేదమ్మా," అన్నారు. పొద్దుటిపూట అంకమ్మ వెళ్ళి మేతా నీళ్ళూ పెట్టి, పేడ తీసి, గోడ తొట్టి నింపి వచ్చేయవచ్చు, దీపం పెట్టకుండా, కూర్చోకుండా. పాము చావలేదు, కర్ర విరగలేదు. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంది. పాక లేక చలికి చూడిగేదెని ఎక్కడ కట్టాలా అనుకుంటున్న అంకమ్మకైతే పిలిచి పీట వేసినట్టయింది.

"ముందు గదిలో కడదామా?" అంది ఆవిడ.

మస్తాన్ నీలవేణి వంక చూశాడు. పడమటి గది గీత రోజూ తెర మీద చూస్తున్నవాడు. మధ్యాహ్నం పూట ఆ గీతలో కొత్తగా ఎవరి ఊపిరి కనబడుతోందో అతనికి తెలుసు. అందరూ వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, మంచం పక్కన ఉన్నంత మేర పలకలాగా కోసి ల్యాబులో పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం పూట నేను దాని దగ్గర కూర్చుంటా."

"అప్పుడది నిన్ను నేర్చుకుంటుంది మస్తాన్."

"ఆయన వేళకే కూర్చుంటా మేడమ్," అన్నాడు అతను.

"ఎవరు ఊపిరి పోస్తే వాళ్ళదవుతుంది. మనమేగా పరిశోధన పేపర్లో రాశాం," అంది ఆమె. గేదెని ముందు గదిలో కడితే పడమటి గోడకి ఊపిరి చాలదు. అది పోతే కొత్త కాలనీకి చేమిరి లేదు. ఈ కాలనీలో రేపు ఏ గోడ దెబ్బతిన్నా మళ్ళీ పుట్టించడానికి లేదు. పడమటి గదిలో కడితే గోడ బతుకుతుంది, మధ్యాహ్నాలు మాత్రం మరిచిపోతుంది.

ఆమె తనే వెళ్ళి మంచం ఎత్తి నిలబెట్టి వసారాలోకి ఈడ్చింది.

"పడమటి గదిలోనే కట్టు అంకమ్మా," అంది. "గోడకి దగ్గరగా కట్టు."

ఆ చివరి మధ్యాహ్నం ఆమె గోడ దగ్గరికి వెళ్ళలేదు. ట్రంకుపెట్టె సర్దుకుంటూ కూర్చుంది. గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప పెట్టి, అంకమ్మ వెళ్ళడానికి దొడ్డి తలుపు వదిలి, శేషారత్నంతో ఆటో ఎక్కింది. వెనక నుంచి గేదె ఒకసారి అరిచింది. ఆటో డ్రైవరు ఉలిక్కిపడి, "ఇంట్లో ఎవరో ఉన్నట్టున్నారండీ," అన్నాడు.

శేషారత్నం ఇల్లు మాచర్ల ఊళ్ళో, రేకుల ఇల్లు. మాఘం దాటేసరికే పెనంలా కాలడం మొదలెట్టింది. చల్లటి గోడలు కనిపెట్టిన మనిషి తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంటే చూసి శేషారత్నం నవ్వేది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నువ్వు ఇల్లు గేదెకిచ్చి రచ్చకొచ్చావు." ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకునేది కూడా. నీలవేణి నవ్వడానికి ప్రయత్నించేది. ఏ పూట ఏం తిన్నదో ఆమెకు గుర్తుండేది కాదు.

పగలు ల్యాబులో తెర ముందు కూర్చునేది. మొదటి వారం పడమటి గోడ మధ్యాహ్నం కాగానే ఎప్పటిలాగే చల్లబడింది. గేదె ఆ వేళ నెమరు వేస్తూ ఎక్కడో నిలబడి ఉండేది, ఊపిరి అక్కడ తగిలేది కాదు. మరుసటి నెలకి ఆ చల్లదనం సగమైంది. దానికి బదులు సాయంత్రం పూట, నేలకి దగ్గరగా, గేదె పడుకునే చోట కొత్తగా చల్లదనం మొదలైంది. మస్తాన్ ఆ గీత ఆమెకు కనబడకుండా చెయ్యాలని తెర తిప్పేవాడు. "ఉండనీ," అనేది ఆమె.

పుష్యమాసం వెళ్ళేలోగా మధ్యాహ్నపు పల్లం చల్లదనపు గీతలోంచి పూర్తిగా పోయింది. ఆమె ఆ గీత వంక కాసేపు చూసి, కొత్త కాలనీ గోడల మందం సరిచూడటంలో పడింది. లెక్క తప్పు రాలేదు.

గేదె అక్కడే ఈనింది. దూడ పుట్టిన రోజున తెర మీద గీత రెండయి, మస్తాన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "శాస్త్రవేత్త ఈనిందమ్మో," అని అంకమ్మ జున్ను పంపింది. గోడ మాత్రం దివ్యంగా ఉంది. అంత బలిసిన గోడని వాళ్ళు ఏనాడూ చూడలేదు.

ఆరు నెలలు నిండి ముళ్ళకంప తీసేసరికి రోహిణికార్తె వచ్చింది. పంతులుగారు శాంతి చేశారు. శేషారత్నం పాలు పొంగించి, పేడవాసన పోవడానికి సాంబ్రాణి వేసి, మంచం తనే పడమటి గదిలో పాత చోట వేయించింది. గేదె దొడ్లో కొత్త పాక కిందికి వెళ్ళనని మొరాయించింది. నలుగురు తోస్తే గాని కదలలేదు. మస్తాన్ రేపు వచ్చి చేమిరి తీసుకుంటానని చెప్పి ల్యాబుకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు.

బయట కాకి కూడా తిరగడం లేదు. నీలవేణి కొంచెం పప్పన్నం తిని పడమటి గదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని, గోడకి వీపు ఆనించింది. ఏమవుతుందో ఆమెకు తెలుసు. నెలల తరబడి తెర మీద చూసిందే. అయినా వీపు ఆనించి కూర్చుంది.

గోడ గోడలా ఉంది. వెచ్చగా లేదు, చల్లగా లేదు. ఎవరి కోసమూ సిద్ధంగా లేదు. ఆమె కొంచెం పక్కకి జరిగింది, ఇంకొంచెం జరిగింది, అరచేత్తో పైనా కిందా తడిమింది. గుంటూరు బస్సు తిరిగొచ్చే వేళ అయింది, దాటింది. మెడ మీద చెమట పట్టి వీపు మీదికి జారింది. పురుషోత్తం ఇంక రాడని ఆమెకు అప్పుడు తెలిసింది. అందరికీ ఆరు నెలల కింద తెలిసింది ఆమెకు అప్పుడు తెలిసింది.

మొదట దగ్గు వచ్చిందనుకుంది. అది దగ్గు కాదు. మంచం మీంచి నేల మీదికి జారి, గేదె పడుకున్న చోట గోడకి నుదురు ఆనించి, నోరు తెరిచి ఏడ్చింది. గొంతులోంచి వచ్చే చప్పుడు తనదేనా అనిపించేంత పెద్దగా ఏడ్చింది. సెన్సర్ పోయినట్టుంది అన్న తన మాట, తరవాత తాగిన టీ, మంచం ఈడ్చిన చప్పుడు, జున్ను, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఏడ్చి ఏడ్చి ఊపిరి అందక ఆగి, అందగానే మళ్ళీ ఏడ్చింది.

వీధిలో మోటారుసైకిలు వచ్చి ఆగింది. స్టాండు కూడా వెయ్యలేదు కాబోలు, పడిపోయిన చప్పుడైంది. చెప్పులతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, పడమటి గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు మస్తాన్. చొక్కా అంతా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఆ ఎండలో నెత్తిన గుడ్డ కూడా లేకుండా వచ్చాడు.

"గీత... ఎగిరెగిరి పడుతుంటే..." అని, ఊపిరి కూడదీసుకుని, "ఈసారి సెన్సర్ అనుకోలేదు మేడమ్," అన్నాడు.

నీలవేణి చెంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకుంటుండగానే మళ్ళీ ఏడుపొచ్చింది.

"సెన్సర్ బాగానే ఉందయ్యా," అంది. "నేనే."

మస్తాన్ చెప్పులు విడిచి వచ్చి, కొంచెం ఎడంగా, తనూ నేల మీద కూర్చున్నాడు.